అదా

ఉర్దూలో ‘అదా’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి హొయలు, సొగసైన నడవడి. రెండవది చెల్లించుట, తీర్చుట. రుణం అదా చేస్తాం. నమాజు అదా చేస్తాం. ఈ రెండర్థాలూ ఒకే రాత్రి నా ఎదుట వచ్చి నిలిచిన వైనం మన విద్యార్థులకు చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

క్రిందటి శీతకాలం ఒక సాహిత్య సభ నిమిత్తం హైదరాబాదు వెళ్ళాను. ఉస్మానియాలో నాతో ఎం.ఏ. చదివి, పిమ్మట సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరపడిన మిత్రుడొకడు “ఈ రాత్రి భోజనం ఫలక్‌నుమాలో” అని పట్టుబట్టాడు. చదువుకునే రోజుల్లో మేమిద్దరం దూరం నుండి చూచి తృప్తిపడిన భవనం అది. లోపలికి వెళ్ళే రోజు వస్తుందని కలలోనైనా అనుకోలేదు.

ఫలక్ అంటే ఆకాశం. నుమా అంటే చూపేది. పైగా వంశీయులైన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించారు. పని ముగియడానికి సుమారు తొమ్మిదేండ్లు పట్టింది. ఆయన నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేసిన సంపన్నుడు. అటువంటి వారికి సైతం ఈ భవనం ఖర్చు తలకు మించినదై అప్పులు చుట్టుముట్టాయనీ, చివరకు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీనిని తీసుకొని ఆ భారం తొలగించారనీ చెబుతారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా ఈ గుట్టమీదనే. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత దాదాపు అర్ధ శతాబ్దం ఈ భవనం అతిథుల ముఖం ఎరుగలేదు. తాజ్ సంస్థ ఏండ్ల తరబడి శ్రద్ధగా బాగుచేయించి, 2010 నవంబరులో హోటలుగా తెరిచింది.

ద్వారం వద్ద నుండి గుర్రపు బగ్గీలో పైకి చేరాం. పాలరాతి మెట్లు, వేలాడే దీపగుచ్ఛాలు, గ్రంథాలయం చూచుకుంటూ నడిచాం. నూటొక్క మంది ఒకేసారి కూర్చొనగల భోజనబల్లను చూచి నేను కొంతసేపు కదలలేకపోయాను. ఒక కొసన మెల్లగా పలికిన మాట రెండవ కొసకు వినబడుతుందట! అక్కడి నుండి హైదరాబాదీ వంటకాలు వడ్డించే శాలకు వెళ్ళాం. దాని పేరే ‘అదా’.

మిత్రుడు పానీయాల పట్టీ నావైపు జరిపి నవ్వాడు. నేను ముట్టనని వాడికి తెలుసు. వాడు తనకేదో తెప్పించుకున్నాడు. నేను మంచినీళ్ళు అడిగాను. నీళ్ళు పోస్తున్న యువకుని చేయి క్షణకాలం ఆగింది.

“సార్, నన్ను గుర్తువట్టిన్రా?”

అంతవరకు చుట్టూ ఇంగ్లీషూ, ఉర్దూ వినిపిస్తున్న చోట ఒక్కసారిగా మా బొగ్గుబాయి తెలుగు! తలెత్తి చూచాను. ఎనిమిదేండ్ల క్రితం బెల్లంపల్లిలో నా ఇంటర్మీడియట్ తరగతిలో చివరి వరుసన కూర్చున్న పిల్లవాడు. గుర్తుపట్టాను. దానితో పాటే మరొకటి కూడా గుర్తుకు వచ్చింది.

ఒకనాడు వాడు పద్యం అప్పజెప్పలేకపోయాడు. “రేపు ఏ హోటల్లోనో గ్లాసులు కడుక్కునే వాడికి పద్యమెందుకురా?” అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడు తల వంచుకొని కూర్చున్నాడు. నవ్విన వాళ్ళు ఆ మాట ఆనాడే మరచిపోయారు. నేనూ మరచిపోయాను. మరచిపోవలసిన వాడు మాత్రం మరచిపోలేదు.

“మీరన్న మాట నాకు యాదికున్నది సార్,” అన్నాడు నవ్వుతూనే. “గ్లాసు కడుగుడు గూడ సక్కగ రావాలె. నాకు మొదలు నేర్పింది అదే.”

ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్లయితే నాకు కొంత తేలికగా ఉండేది. వాడు హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు పూర్తిచేసి స్వశక్తితో ఇక్కడికి చేరాడు. ప్రక్క బల్ల వద్ద కూర్చున్న విదేశీయులకు ఈ భవన చరిత్ర చక్కని ఇంగ్లీషులో వివరిస్తుంటే, తెలుగు పద్యం కోసం తడబడిన ఆ గొంతేనా ఇది అని ఆశ్చర్యపోయాను.

ఆ రాత్రి బిర్యానీ రుచి నాకు తెలియలేదు. మా అబ్బా గని క్యాంటీన్‌లో పనిచేశారు. షిఫ్టు దిగి, ముఖమంతా బొగ్గుపొడితో పైకి వచ్చే కార్మికులకు చాయ్ అందించి, ఆ గ్లాసులు కడిగేవారు. ఆ చేతుల సంపాదనతోనే నేను ఎం.ఏ. చదివాను. విశ్వవిద్యాలయంలో ఎవరైనా అడిగితే “మా నాన్నగారు సింగరేణిలో పనిచేస్తారు” అని మాత్రమే చెప్పేవాడిని. మిగిలిన సగం మింగివేసేవాడిని. ఆనాడు తరగతిలో నేను ఎగతాళి చేసింది ఆ పిల్లవాడిని కాదు, మా అబ్బాను.

వెళ్ళేముందు మిత్రుని ఎదుటనే లేచి నిలబడి, “ఆ రోజు తప్పు మాట్లాడాను నాయనా, క్షమించు” అన్నాను.

“అయ్యో, అట్లనకున్రి సార్,” అని వాడు కంగారుపడ్డాడు. కాసేపు ఆగి, “ఒక్క పని జెయ్యున్రి సార్. మా నాయినను ఒకసారి కలువున్రి. హోటల్ పనంటే ఆయనకు ఇంకా సిగ్గే. నేను ఫోన్ల జెప్తే ఇనడు. మీరు జెప్తే ఇంటడు” అన్నాడు.

బయట టెర్రసు మీద నిలబడితే నగరమంతా దీపాల తివాచీలా పరచుకొని ఉంది. ఈ భవనం లేస్తున్న కాలంలోనే, 1889లో, ఇల్లందు ప్రాంతంలో బొగ్గు త్రవ్వకం మొదలైంది. 1920లలో మన బెల్లంపల్లికి గనులు వచ్చాయి. నేడు మనకు దగ్గరలోని జైపూర్‌లో సింగరేణి స్వంత విద్యుత్ కేంద్రమే నడుస్తున్నది. క్రింద మెరిసే దీపాలలో మన వారి చెమట ఎంత ఉన్నదో ఎవరు లెక్క కట్టగలరు? ఆ వెలుగుకు కూడా ఎవరో గ్లాసులు కడిగారు.

ఊరికి తిరిగి వచ్చిన మరునాడే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పదవీ విరమణ చేసిన ఆ గని కార్మికుడు మంచం మీద నుండి లేవబోతే వారించి, చూచినదంతా చెప్పాను: నిజాం ఏలిన మహలు, నూటొక్క మంది కూర్చొనే బల్ల, దొరల ముందు తొణకక మాట్లాడిన కొడుకు. అంతా విని ఆయన మెల్లగా, “గ్లాసులు కడుగుతడా సార్?” అని అడిగాడు.

“కడిగే నేర్చుకున్నాడు. మా అబ్బా కూడా క్యాంటీన్‌లో గ్లాసులే కడిగారు,” అన్నాను. ఆ మాట పైకి అనడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆయన నన్ను చాలాసేపు చూచాడు. పిమ్మట లోపలికి కేక వేసి చాయ్ తెమ్మన్నాడు. త్రాగిన తరువాత నా గ్లాసు నేనే తీసుకొని వెళ్ళి కడిగాను. ఆయన వద్దనలేదు.

విద్యార్థులారా! ఆ గ్లాసు కడిగినంత మాత్రాన నా రుణం తీరిపోలేదు. అదా చేయడం మొదలుపెట్టాను, అంతే.