కోడి మెడ కింద చెయ్యి

మా పాడేరు ఏజెన్సీ ఊళ్ళల్లో కోడి అంటే కూర ఒక్కటే కాదు. పండక్కి కోడి కావాలి, మొక్కుకి కోడి కావాలి, ఇంటికి చుట్టం వస్తే కోడి కావాలి. పిల్లలకి నోటు పుస్తకాలు కొనాల్సి వస్తే అమ్మ ఒక పుంజుని గంపలో పెట్టుకుని సంతకి నడుస్తుంది. పేరుకి పెరటి కోడే గాని, ఇంట్లో చిల్లర డబ్బంతా దాని కాళ్ళ మీదే తిరుగుతుంది.

కోడి లేని ఇంటికి ఇంకో ఇంటివాళ్ళు పెట్టని పాలికి ఇస్తారు. పెట్ట వాళ్ళది, సాకుడు మనది. పిల్లలు పెరిగాక చెరి సగం. కాగితం లేదు, సంతకం లేదు, మాట ఒక్కటే. నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా చిన్నమ్మ అలాగే ఒక ఎర్ర పెట్టని మా అవ్వకి పాలికి ఇచ్చింది. ఆ పెట్టని నేను చంపాను. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవులకి ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికి వచ్చాను. ఆ రోజు అవ్వా, అమ్మా, నాన్నా అడ్డాకులకి అడవికి వెళ్ళారు. ఇంటి దగ్గర నేనొక్కడినే. ఎర్ర పెట్ట వసారాలో ముడుచుకుని కూర్చుంది. మేత వేస్తే లేవలేదు. పట్టుకుని చూస్తే మెడ కింద మేత సంచి బంతిలా ఉబ్బి ఉంది. అంతకుముందు ఒకసారి ఊళ్ళో ఒకాయన ఇలాంటి కోడిని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, సంచి నొక్కి, లోపలి నీళ్ళు కక్కించడం చూశాను. ఇంతేగా అనుకున్నాను. నేనూ అలాగే వేలాడదీసి నొక్కాను. నోట్లోంచి పుల్లటి వాసనతో నీళ్ళు వచ్చాయి. బాగుపడిపోతుందని సంబరపడి ఇంకోసారి గట్టిగా నొక్కాను. గొంతులో గరగరమంది. రెక్కలు రెండుసార్లు కొట్టుకుంది. కాళ్ళు చాపేసింది.

సాయంత్రం అవ్వ వచ్చి "ఏట్రా అయ్యింది?" అని అడిగింది. చిన్నమ్మ పెట్ట. పాలి పెట్ట. భయంతో నోటికి వచ్చింది చెప్పేశాను: "తెగులొచ్చినట్టుంది అవ్వా. నోట్లోంచి నీళ్ళు కారి చచ్చిపోయింది."

ఆ మాట ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలీదు. తెగులు అంటే కొక్కెర తెగులు. రాణిఖెత్ అంటారు, ఉత్తరాది కొండల్లో ఉన్న రాణిఖెత్ అనే ఊరి పేరు మీద. అది వస్తే కోళ్ళు మేత మానేస్తాయి, నోరు తెరిచి ఎగపోస్తాయి, ఆకుపచ్చగా, తెల్లగా నీళ్ళ విరోచనాలు అవుతాయి. బతికి ఉన్న వాటికి మెడ వంకరపోతుంది, కాళ్ళు పడిపోతాయి. ఒక ఇంట్లో మొదలైతే రోజుల్లో ఊరి గూళ్ళన్నీ ఖాళీ. మా ఊరు అంతకు రెండేళ్ళ ముందే దాన్ని చూసింది. అందుకే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. మిగిలిన తొమ్మిదింటిలో రెండు కోశారు. ఏడింటిని మర్నాడే బేరగాడికి సగం ధరకి ఇచ్చేశారు. చిన్నమ్మకి పెట్ట పోయినందుకు ఆ డబ్బులోంచే కొంత ఇచ్చారు. వాటిలో దేనికీ ఏ జబ్బూ లేదు. నా నోటి మాటే జబ్బు. మరుసటి ఏడు పండక్కి మా అమ్మ సంతలో కోడిని కొనుక్కుంది. ఇంట్లో కోళ్ళు ఉన్నవాళ్ళు సంతలో కోడి కొనడం ఎంత చిన్నతనమో మన ఊళ్ళల్లో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను మాస్టారిని. మా ఊరికి దగ్గరలో చిన్న బడి. అవ్వకి చూపు తగ్గింది గాని కోళ్ళ లెక్క తగ్గలేదు. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం కోళ్ళన్నీ గూట్లోకి వెళ్ళాయి. గుడ్లు పెడుతున్న నల్ల పెట్ట ఒక్కటే బయట నిలబడి మెడ సాగదీసి తల విదిలిస్తోంది. ఎత్తుకుని అవ్వ దగ్గరికి తెచ్చాను. మేత సంచి నిండుగా, గట్టిగా ఉంది. నా చేతులకి ఆ ఎర్ర పెట్ట గుర్తొచ్చింది.

"సంచి ఉబ్బిపోయింది అవ్వా" అన్నాను.

అవ్వ మెడ కింద చెయ్యి పెట్టి తడిమింది. "సాయంత్రం సంచి నిండుగానే ఉంటాదిరా. రోజంతా తింటాది కదా. పొద్దున్న సూడాలి. రాత్రి అరిగిపోయి పొద్దుటికి ఖాళీ అయిపోవాలి. పొద్దున్న కూడా ఇలాగే ఉంటే అప్పుడు జబ్బు" అంది.

రాత్రి దాన్ని విడిగా గంప కింద పెట్టాం. మేత లేదు, నీళ్ళు మాత్రమే. పొద్దున్న చీకటితోనే చూశాను. సంచి అలాగే ఉంది. పిండిముద్దలో తాడు కలిపినట్టు చేతికి తగిలింది. నోట్లో పులుపు వాసన లేదు. రెట్ట కొంచెమే, పచ్చగా పల్చగా ఉంది. మెడ తిన్నగా ఉంది, ఊపిరి బాగానే ఉంది, మిగతా కోళ్ళన్నీ హుషారుగా తిరుగుతున్నాయి. తెగులు కాదు. మేత సంచి పూడుకుపోయింది.

పక్కింటి కుర్రాడు జ్వరానికి వేసుకోగా మిగిలిన గొట్టం మాత్ర ఒకటి తెచ్చాడు. విప్పి ఆ పొడి కోడి నోట్లో పోద్దామన్నాడు. మన ఊళ్ళల్లో ఇది మామూలే. వద్దన్నాను. గడ్డి అడ్డం పడితే ఆ పొడి దాన్ని కదపదు. పైగా మనుషుల మందు కోడికి ఎంత వెయ్యాలో మనకి తెలీదు, ఆ మందు గుడ్డులోకి వస్తుంది, ఆ గుడ్డు మళ్ళీ మన పిల్లలే తింటారు. పశువుల ఆసుపత్రిలో పని చేసే అతనికి ఫోన్ చేశాను. అతను ముందు అడిగిన ప్రశ్న ఇదే: "పొద్దున్న చూశారా, సాయంత్రం చూశారా?" అవ్వ అడిగిందే అతనూ అడిగాడు.

తరవాత ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పాడు. మేత పూర్తిగా ఆపాలి. గోరువెచ్చని నీళ్ళు, నాలుగైదు చుక్కల వంటనూనె, ముక్కు పక్క నుంచి కొంచెం కొంచెంగా, కోడి మింగిన తరవాతే ఇంకో చుక్క. గొంతులోకి గుమ్మరించకూడదు. నాలిక వెనకాలే ఊపిరి గొట్టం నోరు ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతే కోడి ఊపిరాడక చస్తుంది. ఆ తరవాత సంచిని వేళ్ళతో మెల్లగా, పిండి పిసికినట్టు ఐదు నిమిషాలు నలపాలి. రోజుకి నాలుగుసార్లు. ముద్ద విడిపోవాలి గాని పైకి రాకూడదు. "తలకిందులు మాత్రం చెయ్యకండి మాస్టారూ" అన్నాడు. నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

మూడు రోజుల్లో మెత్తబడకపోతే ఆసుపత్రికి తెమ్మన్నాడు. సంచిని కోసి, లోపలిది తీసి, మళ్ళీ కుట్టేస్తారట. అది డాక్టరు పని, ఇంట్లో బ్లేడుతో చేసేది కాదు. నోట్లోంచి పులిసిన వాసన వచ్చి సంచి నీళ్ళతిత్తిలా ఊగుతుంటే అది ఇంకో జబ్బు, లోపల బూజు పెరుగుతుంది, దానికి మందు వేరు, అప్పుడు మూడు రోజులు ఆగకుండా వెంటనే తెమ్మన్నాడు.

మొదటి రోజు ఏ మార్పూ లేదు. రెండో రోజు రాత్రి పొయ్యి దగ్గర కోడిని ఒళ్ళో పెట్టుకుని సంచి నలుపుతుంటే అవ్వ పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఎర్ర పెట్టకి తెగులు రాలేదని, నేనే తలకిందులు చేసి చంపానని, ఆ తొమ్మిది కోళ్ళూ నా అబద్ధానికే పోయాయని.

అవ్వ చాలాసేపు పొయ్యిలో పుల్లలు సర్దింది. "చిన్న గుంటడివి. భయపడ్డావు" అంది. మళ్ళీ కాసేపటికి, "నేను సూడాల్సింది. చచ్చిన కోడి ఎదురుగానే ఉంది. మిగతావి గూట్లోనే ఉన్నాయి. ఒక్కదాని మెడ కిందా చెయ్యి పెట్టలేదు. తెగులు అన్న మాట ఇన్నాను, చేతులు ముడుచుకున్నాను" అంది. తిడితే బాగుండేది. చిన్నమ్మకి నువ్వే చెప్పాలి అంది. ఆ ఆదివారం వెళ్ళి చెప్పాను. అప్పటి లెక్కకి ఇప్పుడు ఒక పెట్ట పిల్లని ఇమ్మంది చిన్నమ్మ. ఇచ్చాను.

మూడో రోజు పొద్దున్న నల్ల పెట్ట సంచి సగం దిగింది. రెట్టలో గడ్డి పీచు వచ్చింది, దానితో జానెడు నీలం దారం, చిరిగిన ప్లాస్టిక్ గోనెసంచి దారం. నాలుగో రోజు సంచి పూర్తిగా జారిపోయింది. అప్పుడు పల్చటి చోడి అంబలి కొంచెం పెట్టాం, తరవాత నానబెట్టిన నూక. గింజలు వారం తరవాతే.

జబ్బు ఎందుకు వచ్చిందో పెరట్లోనే కనిపించింది. కోడికి పళ్ళు లేవు. తిన్నది ముందు మేత సంచిలో నానుతుంది, అక్కడి నుంచి కందనకాయలోకి వెళ్తుంది. కోడి మింగిన చిన్న రాళ్ళే అక్కడ గింజల్ని నూరుతాయి. కందనకాయ కోసిన ప్రతివాళ్ళూ ఆ రాళ్ళు చూసే ఉంటారు. మేం కిందటి ఏడు వాకిలంతా సిమెంటు చేయించాం. ఇసుక లేదు, గులకరాయి లేదు. మూల మీద పాత గోనెసంచులు, ఎండుగడ్డి. కోడి దొరికిందే తింది. ఇప్పుడు సంచులు తీసేశాం. గెడ్డ దగ్గర నుంచి రాతి ఇసుక తెచ్చి ఒక చిప్పలో పోసి పెడుతున్నాం.

ఒక సంగతి మాత్రం కలిపెయ్యకూడదు. కొక్కెర తెగులుకి ఈ నూనే, ఈ నలుపుడూ పనికిరావు. అది వచ్చాక మందు లేదు, ముందే టీకా వెయ్యాలి. పిల్లలకి 5 నుంచి 7 రోజుల లోపు లాసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, సుమారు 8 వారాలకి ఆర్2బి సూది. ఆ టీకా చల్లగా ఉండాలి, ఎండలో సంచిలో వేసుకుని తెస్తే పనిచెయ్యదు. పది ఇళ్ళు కలిసి ఒకే రోజు వేయించుకుంటే మంచిది.

ఈ మధ్య బడిలో మేత సంచి గురించి అడిగాను. మా పాఠం పుస్తకంలో ఆ మాట లేదు. పిల్లలు మాత్రం ఇంట్లో మాట్లాడే భాషల్లో మూడు పేర్లు చెప్పారు. బోర్డు మీద మూడూ రాశాను. రేపు పొద్దున్న లేవగానే మీ కోళ్ళ మెడ కింద చెయ్యి పెట్టి చూసి, నిండుగా ఉందో ఖాళీగా ఉందో రాసుకుని రమ్మన్నాను.

మర్నాడు ఒక గుంటడు కంగారుగా వచ్చాడు. "సార్, మా కోళ్ళన్నిటికీ జబ్బే. అన్ని సంచులూ నిండుగానే ఉన్నాయి."

"ఎప్పుడు చూశావురా?"

"మేత వేశాక సార్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని వాడు చెయ్యి పెట్టి చూసే వచ్చాడు. వాడి వయసులో నేను ఆ పని చెయ్యలేదు.