కొలత యెఱుగని వ్రాత

సోలెడు గిన్నెలో మానెడు పాలు పోసిన నేమగునో మన యిండ్లలో పదియేండ్ల బాలికకును దెలియును. పోయుటకు ముందు పాత్రను చూడవలెనను నీ చిన్న వివేకము, మహామేధావులు నిర్మించిన గణకయంత్రముల వ్రాతలో స్థిరపడుటకు దశాబ్దములు పట్టెనన్న సోదరీమణులకు వింతగా దోచవచ్చును. ఐనను అది యథార్థము. ఆ కథ మనకును సంబంధించినదే కావున నిచట ముచ్చటింప దలచితిమి.

మన చేతి ఆండ్రాయిడ్ ఫోనులకును, లోకములోని పెక్కు సర్వరులకును ఆధారమైన లైనక్స్ కెర్నెల్‌ను 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. కెర్నెల్ అనగా యంత్రముయొక్క జ్ఞాపకస్థానమును, తక్కిన ప్రోగ్రాములను పాలించు మూలభాగము. మామూలు ప్రోగ్రాము తప్పు చేసిన సాధారణముగా నదియొక్కటియే కూలును. కెర్నెల్ తప్పు చేసిన యంత్రమంతయు కూలవచ్చును. గోడకు పగులు పట్టుట వేఱు, నిట్టాడు విఱుగుట వేఱు.

ఈ కెర్నెల్‌లో నధికభాగము సీ భాషలో వ్రాయబడినది. 1970 దశకారంభమున బెల్ లాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన యా భాషలో పేరైనను మాటయైనను బైట్ల సరము. సరము ముగిసెనని తెలుపుటకు తుదిని సున్న విలువగల బైటొకటి యుంచుదురు. నిడివి వేఱుగా వ్రాసికొనరు. చదువు ప్రోగ్రాము సున్న కనబడువఱకు సాగుచునే యుండును. సరమునకు ప్రతి తీయు స్ట్ర్‌కాపీ యను పాత సాధనము, వ్రాయవలసిన చోటు ఎంతపట్టునో అడుగనే యడుగదు. మూలము పొడవైనచో ప్రక్కనున్న వేఱొక వ్రాతను చెఱిపి దానిమీదనే వ్రాయును.

ఇట్టి యజాగ్రత్త ఫలమును లోకము 1988 నవంబరు 2 న చూచెను. కెర్నెల్‌లో కాకున్నను, యూనిక్స్ యంత్రములలోని ఫింగర్ అను సేవలో, 512 బైట్ల తావులోనికి కొలతలేక చదివెడి లోపమొకటి యుండెను. రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన ప్రోగ్రాము, పురుగువలె తనంతట వ్యాపించుచు, ఆ లోపమును ద్వారములలో నొకటిగా జేసికొని వేలకొలది యంత్రములలో జొరబడెను.

కనిపెట్టిన మందులును వెంటనే దోషరహితములు కాలేదు. స్ట్రెన్‌కాపీ యనునది కొలతను పాటించును. కాని మూలము పొడవైనచో తుదిసున్నను వ్రాయక విడుచును. పూర్వపు యూనిక్స్‌లో ఫైళ్ల పేర్లకు గల 14 బైట్ల గళ్లకు తగిన పద్ధతియే గాని సరములకు తగినది కాదు. 1998 లో ఓపెన్ బీఎస్‌డీ వారు తెచ్చిన స్ట్రెల్‌కాపీ తుదిసున్నను ఉంచును. కాని మూలముయొక్క మొత్తము పొడవు చెప్పుటకై దాని నంతయు చదువును. మూలమునకే సున్న లేకున్న మరల పరుల వ్రాతలోనికే పోవును. 2015 లో లైనక్స్‌లో జేరిన స్ట్రెస్‌కాపీ పాత్ర నిండినంతనే నిలుచును, తుదిసున్నను ఉంచును, సరము తెగినచో ఆ సంగతిని దోషసంఖ్యతో తెలుపును. అనేకులు ఏండ్ల తరబడి ఒక్కొక్క పంక్తియే మార్చుచు రాగా, 2024 లో వెలువడిన 6.8 కూర్పుతో స్ట్రెల్‌కాపీ కెర్నెల్‌నుండి తొలగిపోయెను.

ఈ తెలుపుటయే మాకు మిక్కిలి నచ్చిన గుణము. మేము ఇంటనే కావ్యములు చదువుకొన్న కాలమున, కొన్ని పద్యముల నడుమ చుక్కల వరుసయు, గ్రంథపాతమను మాటయు కనబడుచుండెను. ఆ చుక్కలు పెట్టిన లేఖకుడు మనకు మహోపకారి. లోపమున్నదని తెలిసిన పండితుడు వేఱొక ప్రతి వెదకును. లోపమును దాచి పంక్తులను కలిపివేసినచో నెవరు వెదకుదురు?

అంకెలు చదువుటయందును ఇదియే చిక్కు. పచారిచీటీలో 15 అని వ్రాసి, తరువాతి యంకె చెమర్చి చెదరినదనుకొందము. తెలిసినంత చదివి 15 ఇచ్చు వర్తకుని వంటివి కెర్నెల్‌లోని పాత సాధనములు. అంకెల వెంట అన్యాక్షరము వచ్చిన నచటనే యాగి, అప్పటివఱకు చదివినదే సంఖ్య యని యిచ్చును. సంఖ్య మితిమీరినను పలుకవు. 2011 లో వచ్చిన కేస్ట్ర్‌టు వర్గపు సాధనములు అట్లుకాక, అర్థము కాలేదని యొకవిధముగను, మితిమీరినదని వేఱొకవిధముగను స్పష్టముగా చెప్పును.

తెలుగువారికి దీనితో నేమి పని యందురేమో! యంత్రము లెక్కించునది బైట్లను గాని యక్షరములను గాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమొక్కటికి 3 కావలెను. "స్త్రీ" యనునది మన కంటికి ఒక్క యక్షరమే. యంత్రమునకో, ఆరు సంకేతములు, 18 బైట్లు. లైనక్స్‌లో నడచు ప్రతి పనికిని పెట్టు పొట్టిపేరునకు చిరకాలముగా నున్న తావు తుదిసున్నతోగూడ 16 బైట్లే. అందు మన మాటను వ్రాయబూనిన మొదటి 15 బైట్లే నిలిచి గుడి దీర్ఘము రాలిపోవును. "స్త్ర" యను నర్థములేని ముక్క మిగులును. పేరు పెట్టినవానికి ఆ మాట ఎవరును చెప్పరు.

నేడు మన కుమార్తెలనేకులు ఈ విద్యనే యభ్యసించి యుద్యోగములకు పోవుచున్నారు. వారికి మేము చెప్పదలచినది స్వల్పము. సాధనము తెగినదని పలికినను, ఆ పలుకు వినకుండ ముందుకు సాగిన ప్రోగ్రాము పాతదానికంటె నెంతో మేలు కాదు. పాత్రను కొలువుడు, వచ్చిన యుత్తరమును వినుడు, చాలనప్పుడు చాలలేదని యెదుటివారికి జెప్పుడు. ఆ తెగిన ముక్క ఒకరి పేరు కావచ్చును, ఒకరి మందు మోతాదు కావచ్చును.