బకర్ అంటే బక్రా కాదు!

సంచికకు ఏదైనా రాయమని తెలుగుబడి టీచరుగారు అడిగినప్పుడు మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. మాకు రాయడం చేతకాదండీ అంటే, "పోనీ వంట గురించి రాయండి. మీ అబ్బాయి ఆ ఖీమా బ్రెడ్డు గురించి క్లాసులో తెగ చెప్తుంటాడు" అన్నారావిడ. ఆ బ్రెడ్డు వెనక ఒక కథ ఉంది. ఆ కథ వాడికి సగమే గుర్తుంది. మిగతా సగం మేం చెప్తాం.

మస్కట్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి వారం మధ్యలో రాత్రి వంట ఎంత తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. 2013 ఏప్రిల్ దాకా గురు, శుక్రవారాలు సెలవులుండేవి. ఆ మే 1 నుంచి శుక్ర, శనివారాలయ్యాయి. సెలవులు ఎటు జరిగినా బుధవారం సాయంత్రం మాత్రం అదే బుధవారం సాయంత్రం! మాలో ఒకరు రుసైల్ నుంచి, ఇంకొకరు రూవీ నుంచి వాదీ కబీర్ ఇంటికి చేరేసరికి పిల్లలు హోంవర్కు మీద తలపెట్టి నిద్రపోతుండేవారు. పొద్దున ఏడు లోపే స్కూలు బస్సు. అన్నం వండి, పప్పు చేసి, వేపుడు పెట్టేసరికి తొమ్మిది దాటేది. అందరం కలిసి కూర్చుని తినడమన్నది వారంలో శుక్రవారం ఒక్కరోజే.

ఇలా ఉండగా అమెరికాలో ఉన్న మా బావగారు ఒకసారి ఫోనులో, "మా ఇంట్లో పిల్లలకి గ్రౌండ్ బీఫ్ వేయించి, బ్రెడ్డు ముక్క మీద పరిచి, పైన చీజ్ వేసి ఓవెన్లో పెడతాం. పావుగంటలో డిన్నరు అయిపోతుంది" అన్నారు. పైన ఇంకో బ్రెడ్డు మూత ఉండదట, అది తెరిచిన శాండ్‌విచ్ అట. మూత లేని శాండ్‌విచ్ ఏమిటని నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే ఇక్కడి లెబనీస్ బేకరీల్లో దొరికే 'లహమ్ బి అజీన్' కూడా అదే కదా! రొట్టె మీద ఖీమా పరిచి కాల్చడం. పేరుకి అర్థం కూడా పిండితో మాంసం అనే. ఇంకొంచెం దూరం వెళ్తే మన హైదరాబాదు లుఖ్మీ ఉంది. దానికి మాత్రం మూత ఉంటుంది, లోపల ఖీమా. లుఖ్మీ అన్న మాట 'లుఖ్మా' నుంచి వచ్చింది, అంటే ముద్ద. రంజాన్‌లో ఇక్కడ అందరూ తినే తియ్యటి లుఖైమాత్ కూడా ఆ మాట పిల్లే, చిన్నచిన్న ముద్దలని అర్థం. ఖీమా ఏమో టర్కీ మాట. మనం పుట్టినప్పటి నుంచీ ఇంటి మాటల్లా వాడుకునేవి ఎంత దూరం నుంచి నడిచొచ్చాయో!

మేం ఇంట్లో గొడ్డు మాంసం తినం కాబట్టి బావగారి వంటని మటన్ ఖీమాతో మనవైపు తిప్పుకున్నాం. పద్ధతి చెప్తాం, చాలా సులువు. నలుగురికి అరకిలో ఖీమా చాలు. దాన్ని గిన్నెలో వేసి కడిగితే సగం నీళ్ళతో పోతుంది, సన్నటి జల్లెడలో వేసి కుళాయి కింద పట్టాలి. నీళ్ళు పూర్తిగా ఓడిపోయే దాకా ఆగాలి. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, కారం, ధనియాల పొడి వేసి, ఖీమా కలిపి కుక్కర్లో మూడు కూతలు రానివ్వాలి. మూత తీశాక బాణలిలోకి మార్చి, ఒక టమాటా ముక్కలు వేసి, పెద్ద మంట మీద తడి అంతా ఇంకేదాకా వేయించాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తడి మిగిలితే రొట్టె మెత్తబడి చేతిలోంచి జారిపోతుంది. మా ఇంట్లో "ఇంకిందా?" అన్న మాట ఒక సామెతలా అయిపోయింది. ఇక రొట్టె. మామూలు స్లైసు బ్రెడ్డు కన్నా ఇక్కడ దొరికే పొడుగాటి సమూన్ బాగుంటుంది. నిలువుగా రెండుగా కోసి, కోసిన వైపు పెనం మీద కాస్త వెన్నతో ఎర్రగా కాల్చి, దాని మీద ఖీమా దట్టంగా పరిచి, పైన కొత్తిమీర, ఉల్లిపాయ, నిమ్మరసం. పిల్లలకి చీజ్ స్లైసు. శాకాహారం తినే రోజుల్లో మీల్‌మేకర్ గుళికలు వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి ఇదే పద్ధతిలో చేస్తాం. అది ఖీమా అని మేం అబద్ధం చెప్పం, పిల్లలు నమ్మరు కూడా.

మొత్తం ముప్పావు గంట. ఏడున్నరకల్లా నలుగురం ఒకచోట. అలా బుధవారం మాకు రెండో శుక్రవారం అయిపోయింది.

ఇప్పుడు అసలు కథ. 2016 జనవరిలో పిల్లల నానమ్మ తెనాలి దగ్గర ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. సోమవారం, శనివారం తప్ప మాంసం తింటారు. "మీ రొట్టె మీద కూర ఎట్టా ఉంటదో నాకూ పెట్టండి" అని ముచ్చటపడ్డారు. ఆ బుధవారం మాకు ఎప్పుడూ వెళ్ళే కొట్టుకి వెళ్ళే తీరిక లేక, దారిలో ఇంకో చిన్న మాంసం కొట్టు దగ్గర కారాపాం. అద్దాల పెట్టెలో ఖీమా పొట్లాలున్నాయి, మీద అరబిక్ చీటీలు. ఇదేమిటని అడిగితే కొట్టు కుర్రాడు "బకర్" అన్నాడు. మేం "బక్రా" అని విన్నాం. హైదరాబాదులో రెండేళ్ళున్న హిందీ మాది, బక్రా అంటే మేక కదా! రెండు పొట్లాలు తీసుకుని వచ్చేశాం. ఆ కుర్రాడు చెప్పింది నిజమే. వినడంలో తప్పు మాది.

వండాం. ఇల్లంతా ఘుమఘుమ. నానమ్మకి మొదటి ముక్క పెట్టాం. ఆవిడ రెండు కొరుకులు కొరికి, "కమ్మగా ఉందే" అన్నారు. అప్పుడు మా పెద్దది, పదేళ్ళది, స్కూల్లో మూడో భాషగా అరబిక్ తీసుకున్న కొత్త ఉత్సాహంలో కనపడ్డ చీటీ కల్లా చదివే పిల్ల, చెత్తబుట్ట దగ్గర నిలబడి పొట్లం మీది చీటీ పైకెత్తి, "అమ్మా, ఇందులో బా, ఖాఫ్, రా ఉన్నాయి. బకర్. అంటే ఆవు కదా?" అంది, వంటింట్లో మాకు మాత్రమే వినపడేలా.

మా కాళ్ళ కింద నేల కదిలిపోయింది. ఒక్క నిమిషం వంటింట్లో మేమిద్దరం గుసగుసలాడుకున్నాం. ఒకరం చెప్పొద్దు, తెలియకుండా జరిగింది, ఆవిడ మనసు కష్టపెట్టడం దేనికి అన్నాం. ఒకరం చెప్పాల్సిందే అన్నాం. ఎవరేమన్నారో ఇప్పుడు రాయం, ఆ మాట మీద మాకింకా రాజీ కుదరలేదు! కానీ పిల్ల ఆ చీటీ పట్టుకుని మా ముఖాల్లోకి మార్చి మార్చి చూస్తోంది. దాని ముందు కూరని అలాగే వడ్డించడం మాలో ఎవరి వల్లా కాలేదు.

వెళ్ళి చెప్పాం. నానమ్మ చేతిలో ముక్క కంచంలో పెట్టేసి ఏమీ మాట్లాడకుండా లేచారు. నోరు పుక్కిలించి, తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లలకి పెరుగన్నం కలిపి పెట్టాం. మేం తినలేదు.

మిగిలిన కూరేం చేయాలి? పారేయడానికి చెయ్యి రాలేదు. పక్క ఫ్లాటులో కడప అక్కావాళ్ళున్నారు, ముస్లింలు. వాళ్ళింట్లో పెద్దకూర వారానికోసారి ఉంటుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, బాణలితో సహా ఇచ్చేశాం. ఆవిడ, "అయ్యో, పెద్దామె బాధపడిందా?" అని అడిగారు అంతే. బాణలి ఎందుకు వదిలేస్తున్నారని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళమో మాకు తెలియదు.

ఆ రాత్రి అయిదేళ్ళ మావాడు నానమ్మ పక్కన చేరాడు. "నానమ్మా, కడప ఆంటీవాళ్ళు తింటారుగా, మనం ఎందుకు తినం?" మేం తలుపు దగ్గరే ఆగిపోయాం. ఆవిడ కాసేపటికి అన్నారు, "మా నాన్న అరకకి రెండు ఎద్దులుండేయిరా. ఒకటి రాముడు, ఒకటి భీముడు. పిలిస్తే వచ్చేయి. రాముడు ముసలిదై చచ్చిపోతే మా నాన్న పొలంలోనే పూడ్చి, రెండు రోజులు అన్నం తినలా. పేరు పెట్టి పిలిచినదాన్ని తింటానికి నోరు రాదు నాన్నా. వాళ్ళింట్లో వాళ్ళ పద్ధతి వాళ్ళది, మనింట్లో మన పద్ధతి మనది."

"మరి మేకకి పేరు పెట్టలేదా?"

నానమ్మ మాట రాక ఆగిపోయారు. తర్వాత నవ్వారు. "పెట్టలేదురా. పెడితే అదీ తినలేకపోయేవాళ్ళమేమో" అన్నారు. ఆ నవ్వు విన్నాక మాకు ఊపిరాడింది.

శుక్రవారం పొద్దున తనని గుడికి తీసుకెళ్ళమన్నారు. పాత మస్కట్‌లో అల్ ఆలం రాజభవనానికి దగ్గర్లో ఉన్న మోతీశ్వర్ శివాలయానికి వెళ్ళాం. ప్రాయశ్చిత్తం అన్న మాట ఆవిడా అనలేదు, మేమూ అనలేదు. అభిషేకం చూసి, ప్రసాదం కళ్ళకద్దుకుని, ముత్రా సముద్రం ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చాం. ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక కొత్త స్టీలు డబ్బా, దాని నిండా వేడివేడి గుంత పొంగనాలు. "కొత్త డబ్బాలో పెట్టినాను, పెద్దామెను తినమని చెప్పండి" అన్నారు కడప అక్క. నానమ్మ రెండు తిని, మూడోది మళ్ళీ అడిగారు.

వచ్చే బుధవారం మళ్ళీ రొట్టె మీద కూర చేయమని అడిగిందీ ఆవిడే. కాకపోతే ఈసారి మాంసం కొట్టుకి తనూ వస్తానన్నారు. అప్పటి నుంచి మేం పొట్లాలు కొనడం మానేశాం. ముక్క చూపించి, ఎదురుగా కొట్టించుకుంటాం. అది ఇంకో విధంగానూ మంచిదే. ఖీమాకి గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి ముక్కల కన్నా తొందరగా పాడవుతుంది, ఆ రోజుది ఆ రోజే వండుకోవాలి.

కొట్టులో మా పెద్దది నానమ్మకి చీటీలు చూపించింది. "ఇదిగో నానమ్మా, ఇది గైన్, ఇది నూన్, ఇది మీమ్. మూడూ కలిపితే ఘనం. అంటే గొర్రె, మేక. ఇది ఉంటేనే కొనాలి." నానమ్మ కళ్ళజోడు సర్దుకుని చీటీ మీద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకి, నెమ్మదిగా చదివారు. ఊళ్ళో అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. "ఘనం అంటే మన తెలుగులో గొప్ప కదే! బాగానే పెట్టారు పేరు" అని పెద్దగా నవ్వేశారు. కొట్టులో వాళ్ళందరూ మా వైపు చూశారు.

ఏప్రిల్లో తిరిగి ఊరు వెళ్ళేటప్పుడు నానమ్మ పెట్టెలో మా పెద్దదాని తెలుగుబడి కాపీపుస్తకం కాగితం ఒకటి ఉంది. ఒకవైపు అది నానమ్మ దగ్గర నేర్చుకున్న గుణింతం. వెనక, పెన్సిలుతో, వణుకుతున్న చేత్తో దిద్దిన మూడు అరబిక్ అక్షరాలు. కడప అక్కావాళ్ళు తర్వాత సొహార్ వెళ్ళిపోయారు. మా బాణలి ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, ఖీమా దాంట్లో బాగా ఇంకుతుందట.