నాలుగు చక్రముల లెక్క

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. ఏమి వ్రాయుదునా యని తరగతి గది కిటికీలోనుండి చూడగా, మన పాఠశాల పాత డీజిలు పికప్పు బండి వేపచెట్టు నీడను నిలిచియుండెను. ఆ బండి నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు నేర్పాటు చేయుటకై తలిదండ్రులును పూర్వవిద్యార్థులును చందాలిచ్చియున్నారు. ఆ సొమ్ము ఏమాయెనని యడుగుటకు వారికి హక్కు గలదు. చెప్పుటకు నాకు బాధ్యత గలదు. కావున ఆ కథనే వ్రాయుచున్నాను. ఇందు నా పొరపాటొకటి కలదు. దానిని దాచక చెప్పెదను.

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమునకు కృష్ణాజిల్లా మెట్టసీమ యని పేరు. 2022 ఏప్రిలులో జిల్లాలను విభజించినప్పుడు ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, నేల మాత్రము మారలేదు. ఇచటి నల్లరేగడి వేసవిలో బీటలు వారి రాయివలె గట్టిపడును. వాన కురిసినంతనే బంకవలె చక్రముల కంటుకొనును. పత్తికిని మిరపకును ఈ నేల తల్లివంటిది. బండ్లకు మాత్రము సవతితల్లి. దీనికి తోడు మునియేరు పొంగినచో దారులు మునుగును. 2023 జూలైలోను, మరల 2024 సెప్టెంబరులోను ఐతవరమువద్ద హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారియే నీట మునిగి రాకపోకలు నిలిచిపోయెను.

ఆ రెండవ వరద తీసిన కొన్ని దినములకు, పెనుగంచిప్రోలు దాపుననున్న యొక పల్లెనుండి మన విద్యార్థి నొకనిని జ్వరముతో ఆసుపత్రికి గొనిపోవుచుండగా మన బండి బురదలో దిగబడెను. వెనుక చక్రములు రెండును గిరగిర తిరుగుచు గోతిని లోతు చేసికొనుచుండెను. ముందు చక్రములు రెండును ఏమియు చేయక ఊరకుండెను. ట్రాక్టరు వచ్చి లాగుటకు రెండు గంటలు పట్టెను. బాలుని తల నా ఒడిలో నుండెను. దేవుని కృపవలన వాడు కోలుకొనెను గాని, ఆ రెండు గంటలను నేను మరువలేకున్నాను. పిమ్మట పాఠశాల సంఘమువారు కూడి, ఆ ముందు చక్రములకును పని కల్పింపవలెనని తీర్మానించిరి. లెక్కలు తెలిసినవాడనని సామగ్రి యేరు పనిని నాకప్పగించిరి.

విద్యార్థులారా, ఈ మార్పునకు ఏమేమి కావలయునో మొదట వినుడు. సాధారణమగు పికప్పులో ఇంజను బలము గేర్‌బాక్సు గుండ పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు ద్వారా వెనుక ఇరుసునకే పోవును. ముందునకును పంపవలెనన్నచో గేర్‌బాక్సు వెనుక ట్రాన్స్‌ఫరు కేసు అను పెట్టెను అమర్చవలెను. అందుండి ముందునకు మరియొక షాఫ్టు రావలెను. ముందు ఇరుసులోను డిఫరెన్షియలు ఉండవలెను. చక్రములు ప్రక్కలకు మళ్లుచునే బలము నందుకొనవలెను గనుక వాని చెంత ప్రత్యేకమైన కీళ్లు కావలెను. 1941 నుండి రెండవ ప్రపంచయుద్ధమున పేరొందిన విల్లీసు జీపులో ఈ యేర్పాటే యుండెను. 1945లో స్థాపింపబడి పిమ్మట మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకొనిన సంస్థ ఆ జీపులను మన దేశమున కూర్చి అమ్మినది. అందుచేత పాత జీపుల ఇరుసులు, కేసులు మన ప్రాంతమున నేటికిని దొరకుచున్నవి.

అట్టి ఇరుసు నొకదానిని విజయవాడ ఆటోనగరులో నేను చూచితిని. అది తుప్పు లేనిది, పగులు లేనిది, వెలయు తక్కువ. చందాసొమ్ము మిగిలించితినన్న పేరు వచ్చునని లోలోపల సంతోషించి బయానా ఇచ్చుటకు జేబులో చేయి పెట్టితిని. నాతో వచ్చిన మెకానిక్కు మన పాఠశాల పూర్వవిద్యార్థియే. ఎనిమిదవ తరగతి గణితములో ఇతడు గట్టెక్కడని నేనే యొకప్పుడు అతని తండ్రితో చెప్పియుంటిని. అతడు నా చేయి పట్టుకొని, “మాస్టారుగారూ, కొంచెము ఆగండి. ముందు చుట్లు లెక్కపెడదామండి” అనెను.

అతడు సుద్దముక్కతో షాఫ్టు తగులుకొను చోట నొక గీత గీసి, ఒక వైపు చక్రపుచట్రమును కదలకుండ బిగించి, రెండవదానిని సరిగా రెండు చుట్లు త్రిప్పెను. రెండు చుట్లేల యని యడిగితిని. ఒక వైపు ఆగియున్నప్పుడు రెండవ వైపు రెండుమార్లు తిరిగినగాని లోపలి క్రౌను చక్రము ఒకమారు తిరుగదట. గీత అయిదు చుట్లును ఆపైన మూడవవంతుకన్న కొంచె మెక్కువయు తిరిగెను. మూత విప్పి పండ్లు లెక్కింపగా క్రౌనుకు 43, పినియనుకు 8 ఉండెను. “మన బండి వెనుక ఇరుసులో 39కి 8 అండి. నిన్ననే చూచినాను” అని అతడు చెప్పెను. నేను సిగ్గుపడి చేతిని జేబులోనుండి తీసితిని.

ఈ భేదమువలన వచ్చు కీడేమి? రెండు షాఫ్టులును ఒకే కేసులో బిగియబడి సమముగా తిరుగును. అప్పుడు వెనుక చక్రములు 43 చుట్లు తిరుగగా ముందు చక్రములు 39 చుట్లే తిరుగును. చక్రపు చుట్టుకొలత 7 అడుగులనుకొన్నచో, వెనుకవి 301 అడుగులు పోగోరును. ముందువి 273 అడుగులే పోగోరును. బండి యొకటే గనుక ఆ 28 అడుగుల తగవు ఎక్కడనో తీరవలెను. బురదలో చక్రము జారి తీర్చుకొనును. గట్టి నేలపై జారజాలక టైర్లను అరగదీయును, షాఫ్టులను మెలివేయును, కడకు పండ్లను విరుచును. రెండు ఇరుసులును మంచివే. కలిసినచో ఒకదానినొకటి చంపుకొనును. నిష్పత్తి సరిపోయినను మలుపులలో ముందు చక్రములు ఎక్కువ దూరము పోవలెను గనుక, నడుమ డిఫరెన్షియలు లేని ఇట్టి బండిని పొడి తారురోడ్డుపై నాలుగు చక్రములతో నడుపరాదు. నాలుగు టైర్లును ఒకే కొలతవి కావలెను.

మరి యేది మార్చవలెను? డీజిలు ఇంజను తక్కువ చుట్లలోనే బలము చూపును. మిక్కిలి వేగముగా తిరుగుట దానికి హితము గాదు. 43కి 8 పెట్టినచో రహదారిపై అదే వేగమునకు ఇంజను పదవవంతు అధికముగా తిరుగవలసివచ్చును. కావున 39కి 8నే యుంచి, ముందు ఇరుసులోని క్రౌను, పినియనులను మార్చుటయే మేలు. ఆ రెండును ఒకదానితోనొకటి ఒరసి జతచేయబడినవి, విడివిడిగా కొనరాదు.

పాత జీపు ట్రాన్స్‌ఫరు కేసునుగూర్చియు అతడు హెచ్చరించెను. దాని వెనుక షాఫ్టు కుడివైపునకు తొలగియుండును. మన బండి వెనుక డిఫరెన్షియలు నడుమ నున్నది. కావున వెనుకకు నడుమను, ముందునకు ఇరుసు డిఫరెన్షియలున్న వైపునను షాఫ్టు నిచ్చు కేసు కావలెను. గేర్‌బాక్సు షాఫ్టు గాడులు కేసు గాడులతో సంఖ్యలో సరిపోవలెను. వెనుక షాఫ్టును కురుచచేసి అతుకునప్పుడు రెండు కొనల కీళ్లును ఒకే వరుసలో నిలువవలెను. లేనిచో బండి వణకును. బలము చాలునా యనుటకును లెక్క గలదు. మొదటి గేరు 4, కేసులోని తక్కువ గేరు 2, ఇరుసు 39/8 అనుకొనుడు. వీనిని గుణించిన 39. ఇంజను త్రిప్పుబలము, రాపిడికి పోయినది పోగా, చక్రములకడ ఇంచుమించు 39 రెట్లగును. ఆ భారము నోర్చునది గావలెను.

శిక్షణ కళాశాలలో మాకు తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని బోధించిరి. ఇరువది యేండ్లుగా నేను నిష్పత్తిని మామిడిపండ్లతోను రూపాయలతోను చెప్పుచుంటిని. ఆ బాలునకు తెలిసినవి చక్రములు. నేను ఒక్కమారైనను చక్రముతో మొదలుపెట్టియుండలేదు. తప్పినది అతడు కాడు.

ఇక సొమ్ము మాట. సామగ్రి పట్టిక సిద్ధమైన పిమ్మట మరియొక సంగతి మా దృష్టికి వచ్చెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమమును గట్టిగా నొక్కి చెప్పెను. కావున ఏ బోల్టును విప్పకముందే రవాణా అధికారులకు మనవి పంపితిమి. అనుమతి రానిచో ఈ పని చేయము. చందాసొమ్ము పూర్తిగా బ్యాంకులో నున్నది. విజయవాడ బస్సు చార్జీలు నేనే పెట్టుకొంటిని. అనుమతి దొరకనిచో తయారీదారుడే నాలుగు చక్రములకు బలమిచ్చి చేసిన పాత బండిని కొనుటయా, సొమ్ము తిరిగి యిచ్చుటయా యని తలిదండ్రుల సభలో నిర్ణయింపుడు. ఏ బండియైనను బురదకేగాని వరదకు గాదు; పారు నీటిలో దిగవలదని మా డ్రైవరుకు ఇప్పటికే చెప్పియున్నాము.

అంతవరకు తారు ఉన్నంత మేర బండియు, ఆపైన ట్రాక్టరును వాడుచున్నాము. ఈ యేడు ఎనిమిదవ తరగతి నిష్పత్తి పాఠము వేపచెట్టు క్రింద జరిగెను. ఆ మెకానిక్కే వచ్చి చెప్పెను. నేను సుద్దముక్క అందించితిని.