ఒకటికి నాలుగు ప్రతులు

ధాన్యపుగాదె నిండినచో కంటికి కనబడును. కంప్యూటరు నిండినచో కనబడదు. దమ్మపేటలోని మా యింటి యంత్రము క్రిందటి వేసవిలో ఇక చోటు లేదని మొండికెత్తినది. అందు మావారి ప్రశ్నపత్రములు, పిల్లల ఫొటోలు, ఇద్దరి ఫోనులనుండి ఏటేట దింపిన సమస్తమును గలవు. బాగుచేయువాడు పెద్ద డిస్కు కొనుమనెను. బియ్యము చాలవనుటకు ముందు డబ్బాలన్నియు తెరచి చూచుట మన యలవాటు గదా! నేనును అట్లే చూచితిని.

ఒకే పెండ్లి ఫొటోలు నాలుగు చోట్ల నుండెను. ఫోను నిండినప్పుడెల్ల మొత్తమును క్రొత్త ఫోల్డరులోనికి దింపుటయు, పెన్‌డ్రైవునుండి మరల దింపుటయు ఇందులకు కారణములు.

పేరు చూచి తుడువరాదు. "మార్కులు" అను పేరుతో మావారికి ఏడు ఫైళ్లు గలవు. ఏడును వేర్వేరు సంవత్సరములవి. ఒకే ఫొటో మాత్రము నాలుగు పేర్లతో నుండవచ్చును. లోపలి సరకును పోల్చుటయే నిజమైన పరీక్ష. డూప్‌గురు వంటి సాధనములు ఉచితముగా దొరకును. అవి పరిమాణము సమానముగా నున్న ఫైళ్లను ఏరి, వానికి "హ్యాష్" అను ముద్రను గణించి సరిచూచును. 'షా-256' అను పద్ధతిలో ఫైలు ఎంత పెద్దదైనను ముద్ర 64 అక్షరములే. లోపల ఒక్క చుక్క మారినను ముద్ర వేరగును.

1829లో వేమన పద్యములను అచ్చొత్తించిన బ్రౌనుదొర ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత పోల్పించెడివాడు. ఆ పనిలో భేదము గల ప్రతులే విలువైనవి. యంత్రమునకు భేదమున్నదని తెలియునే గాని, ఏది మేలో తెలియదు. వాట్సాపులో వచ్చిన ఫొటో సామాన్యముగా కుదించినదై యుండును. చూపునకు ఒక్కటియే యైనను ముద్ర వేరు. పాత అను లిపిలో కూర్చిన ప్రశ్నపత్రమును, దానినే యూనికోడులోనికి మార్చిన ప్రతియు మనకు ఒక్కటి, యంత్రమునకు రెండు. పోలికనుబట్టి చిత్రములను జతపరచు పద్ధతియు గలదు గాని, అప్పుడు ప్రతి జతను మనమే చూచి పెద్దదానిని నిలుపుకొనవలెను. ఈ పనికి నాకు పది మధ్యాహ్నములు పట్టినవి.

ఆ జాబితాలోనే "నాన్న భాగవతము" అను రెండు ధ్వనులు కనబడెను. నాకు చదువు చెప్పినది మా నాన్నగారే; ఆయన 2019లో గతించిరి. ఒకటి 11 నిమిషములు, రెండవది 14. ఒకటి తీసివేయవచ్చునని మావారనిరి. రెంటిని తుదిదాక వింటిని. మొదటిది గజేంద్రమోక్షముతో ముగిసెను. రెండవదానిలో పద్యమైన పిమ్మట ఆయన దగ్గుటయు, ఒక సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుమని నన్నడుగుటయు, నేను చెప్పగా "సెబాసు, తల్లీ" యనుటయు గలదు. ఆ మూడు నిమిషములు ఇంకెచ్చటను లేవు. మావారు మరి మాటాడలేదు.

తుడుచుటకు ముందు ముఖ్యమైనవానిని వెలుపలి డిస్కులో దాచవలెను. అట్టి రెండవ ప్రతి వృథా కాదు, రక్ష. నాన్నగారి కంఠము ఇప్పుడు మా డిస్కులోను, ఖమ్మములోని మా తమ్ముని యొద్దను గలదు. విండోసు తనకై యుంచుకొనిన ఫోల్డర్ల జోలికి పోరాదు. అచ్చట ఒకే ఫైలు రెండుచోట్ల నుండుట యవసరము కావచ్చును. కంప్యూటరులో తుడిచినది రీసైకిల్ బిన్‌లో కొంతకాలముండును. పెన్‌డ్రైవులో తుడిచినది సాధారణముగా అందులోనికి రాదు. గూగుల్ ఫొటోసుతో జతపరచిన ఫోనునందు తుడిచినచో అచ్చటి ప్రతియు పోవచ్చును. అరువది దినములలోపల మాత్రము దాని బిన్‌నుండి తిరిగి తెచ్చుకొనవచ్చును.

మొత్తముమీద 40 జీబీల చోటు తేలినది. క్రొత్త డిస్కు కొనలేదు. మావారి పెట్టెలో ఇంకను తొమ్మిది పెన్‌డ్రైవులున్నవి. దసరా సెలవులలో వానిని పట్టెదను.