ఈ రాకుమారుడి సంగతి నాకెవరూ చెప్పలేదేం?

ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అని ఒక వీడియో గేమ్ ఉందండీ! 1989లో వచ్చిందట. లోకమంతా ఆడేసి, ఆడిన పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల పిల్లలకు నేర్పాక, ఇన్నాళ్లకు మా ఊరు గుడిబండెలో నా దాకా వచ్చింది. నవ్వుకోండి, ఫర్వాలేదు.

మా మేనల్లుడికి బడిలో కంప్యూటర్ క్లాసు నాటినుంచీ ఈ ఆటంటే ప్రాణం. తర్వాత వచ్చిన భాగాలన్నీ ఒక్కటీ వదలకుండా ఆడాడు. మొన్న బెంగళూరునుంచి వచ్చినవాడు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మామా, ఎప్పుడు చూసినా కోట ఎక్కుతుంటావు కదా, ఇదీ కోటే, ఎక్కు చూద్దాం" అన్నాడు.

కథ గోరంత. సుల్తాను యుద్ధానికి పోయిన అదను చూసి మంత్రి జాఫర్ రాకుమారిని బంధిస్తాడు. నన్ను పెళ్లాడతావా, చస్తావా, గంటలో తేల్చుకో అంటాడు. ఆమె మనసిచ్చిన మన రాకుమారుడు కింద చెరసాలలో ఉన్నాడు. పన్నెండు అంచెలు దాటి పైకి రావాలి, అదీ 60 నిమిషాల్లో. మనం తలగోక్కుంటూ కూర్చున్నా గడియారం మాత్రం ఆగదు.

నన్ను పట్టేసింది కథ కాదు, వాడి ఒళ్లు. వాడికి బరువుంది! పరుగెత్తేవాణ్ణి ఆపబోతే టక్కున ఆగడు, దిగుడులో ఎద్దులబండిలా కాస్త జారి ఆగుతాడు. అంచు దొరికితే వేళ్లతో వేలాడి, కాళ్లూపి, ఒళ్లు కూడదీసుకుని పైకి లేస్తాడు. ఒక అంతస్తు ఎత్తునుంచి పడితే ఏమీ కాదు, రెండయితే దెబ్బ, మూడయితే ప్రాణమే పోతుంది. అందుకే గోతి దగ్గర ఒక్కొక్క అడుగే వేయించాలి. బైరేగౌడ కట్టించిన మా కొండకోటకు ఏడు అంచెలు, వాననీళ్లు నిలిచే 19 రాతి దొనలు. తడిసిన బండమీద దిగేటప్పుడు మేమూ అడుగు అలాగే వేస్తాం. బొమ్మకు ఆ భయం ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

తెలియకేం! అది నిజం మనిషి ఒళ్లే. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి, పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఆ వీడియోను ఒక్కో ఫ్రేమూ ఫోటో తీసి, ఒంటి అంచు వెంబడి గీత గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరాల్ ఫ్లిన్ పోరాటం ఆధారం. సంగీతం మెక్నర్ నాన్నది. ఇంటిల్లిపాదీ కలిసి కట్టిన కోట అన్నమాట.

ఇంకో ముచ్చట విన్నాక అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు నేను. మెక్నర్ ఆట రాస్తున్న ఆపిల్ టూ కంప్యూటర్ మెమొరీ అంతా రాకుమారుడి కదలికలకే చాలీచాలకుండా ఉంది, శత్రువు బొమ్మకు చోటు లేదు. పోట్లాట లేని ఆట చప్పగా ఉందని తోటివాళ్లు పోరు పెడుతున్నారు. అప్పుడు ఆ రాకుమారుడి బొమ్మనే కాస్త పక్కకు జరిపి, దానిమీదే వేసి, మెరిసే నీడమనిషిని పుట్టించాడు. కొత్త బొమ్మ గీయాల్సిన పనే లేదు! ఆ పేదరికంలోంచే ఆటకు ఆయువుపట్టు దొరికింది. నాలుగో అంచెలో అద్దం అడ్డొస్తుంది. అందులోకి దూకితే మన నీడ విడిపోయి అవతలికి పారిపోతుంది. తర్వాత మన మందు తాగేస్తుంది, మన ముఖానే తలుపు మూసేస్తుంది. పన్నెండో అంచెలో కత్తి దూసి ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే దెబ్బ మనకే తగులుతుంది. ఏం చేయాలో మేనల్లుడు చెప్పలేదు. "నువ్వే కనుక్కో మామా" అని నోరు కట్టేసుకున్నాడు. నేను తిట్టాను, బతిమాలాను. చివరికి విసుగొచ్చి కత్తి ఒరలో పెట్టేశాను. అదీ పెట్టేసింది! ముందుకు నడిస్తే ఇద్దరూ ఒక్కటైపోయారు. నేను వేసిన కేకకు మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇక తర్వాతి భాగాల్లో, 2003లో వచ్చిన ద సాండ్స్ ఆఫ్ టైమ్ మొదలయ్యేదే మన దేశపు మహారాజు కోటలోనట! కాలాన్ని వెనక్కి తిప్పే బాకు రాకుమారుడికి దొరికేదీ అక్కడే, వెంట నడిచే ఫరా ఆ మహారాజు కూతురే. 2024లో ద లాస్ట్ క్రౌన్ వచ్చింది. మా మేనల్లుడు ముప్ఫై ఏళ్లలో తిన్న విందంతా నా ముందు వేడివేడిగా ఉంది. కానీ వాడు ఇవి ఆడే కంప్యూటర్ వేరే ఉందట. అది వాడి బెంగళూరు గదిలో ఉంది. శనివారం బస్సుకు బయల్దేరుతున్నా. రావద్దన్నా వస్తానని ఫోన్ చేసి చెప్పేశాను కూడా.