రెక్కలు మడిచే బల్ల

అమెరికా దేశమందు, డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ పట్టణానికి సుమారు 6 మైళ్ల దూరంలో వింటర్‌థర్ అనే గొప్ప భవనమున్నది. హెన్రీ ఫ్రాన్సిస్ డ్యూపాంట్ అనే సంపన్నుడు తాను నివసించిన ఆ ఇంటిని 1951లో మ్యూజియంగా ప్రజలకు తెరిచాడు. 1640 నుండి 1860 వరకు అమెరికాలో తయారైన, లేక వాడిన వస్తువులు 175 గదులలో అమర్చబడి ఉన్నవి. వెండి పాత్రలు, పింగాణీ అనేకం చూచాము. కాని మమ్మును ఎక్కువసేపు నిలిపినవి గోడవార ఒదిగి ఉండే మడత బల్లలే.

ఈ బల్ల పైభాగం మూడు ముక్కలు. నడిమి పలక కదలదు. ఇరుప్రక్కల పలకలు బందులకు వ్రేలాడుతుంటాయి. వాటిని పైకెత్తి, అడుగునున్న కాలును ప్రక్కకు త్రిప్పి ఆనించితే బల్ల వెడల్పవుతుంది. తొలినాటి వలసదారుల ఇండ్లు చిన్నవి. వంట, భోజనం, పడక తరచుగా ఒకే గదిలో జరిగేవి. తిన్న తరువాత బల్ల మడిచి గోడకు చేర్చితే పిల్లలు పండుకోను చోటు దొరికేది. 1700 తరువాత న్యూ ఇంగ్లండు వడ్రంగులు పలకల క్రింద రెక్కలవంటి చెక్కలు పెట్టి చేసిన రకాన్ని "బటర్‌ఫ్లై టేబుల్", అనగా సీతాకోకచిలుక బల్ల, అంటారు.

పాత వస్తువులు సేకరించేవారు పైమెరుగును చూచి మోసపోరు. బల్లను తిరగవేసి చూస్తారు. త్రిప్పే కాలు ఏండ్ల తరబడి రాచుకొని పలక అడుగున విల్లువంటి గీత పడి ఉండాలి. చెక్క పోగులకు అడ్డంగా కుదించుకుపోతుంది గనుక, గుండ్రంగా చేసిన బల్ల కొలిస్తే కొంచెం కోలగా తేలాలి. కొత్తగా అతికించిన పలకకు ఈ సాక్ష్యాలుండవు.

అయితే చాలామంది తాతలనాటి బల్లను గీకి, కొత్త వార్నీషు పూసి, అందగించామనుకుంటారు. మేలైన పాత బల్లకు అదే పెద్ద నష్టం. పోయిన పాత మెరుగు మరల రాదు. 2000 సంవత్సరం తరువాత సామాన్య రకం పాత బల్లల ధరలు బాగా పడిపోయినవి. అందుచేత వాటిని లక్ష్యపెట్టనివారు మరీ ఎక్కువ.

ప్రియ చదువరులారా, ధర తగ్గినంత మాత్రాన సాక్ష్యం తగ్గదు. ఒక ఇంటివారు ఎట్లు తిన్నారో, ఎంత ఇరుకులో ఎంత పొందికగా బ్రతికారో ఆ గీతలే చెప్పుచున్నవి. మీ ఇంటను పాత చెక్క సామాను ఉంటే, గీకించక ముందు ఒకసారి తిరగవేసి చూడండి.